పెద్ద రాణి పక్కకు తిరిగి పాడిన చరణం

"స్వర్ణా, ఈ మంత్రి ఏమంటున్నాడు?" అని గిరీష్ గదిలోంచి కేకేసేసరికి స్వర్ణ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. లేవలేదు. లేవక్కర్లేదు కూడా, పాట వంటింట్లోకి వినబడుతూనే ఉంది. "చిన్న రాణితో చెబుతున్నాడండీ. పెద్ద రాణికి మతి తప్పిందని పుకారు పుట్టిద్దాం, రాజే ఆమెను కోట దాటిస్తాడు అని." "ఈ మాట రాగం తీసి చెబుతున్నాడా?" "రాగం తీసే చెబుతున్నాడు." అవతల కీబోర్డు టకటకలాడింది. తెరకు మాటలొచ్చిన కొత్తలో తీసిన తమిళ సినిమా అది. అందులో కుట్ర పన్నేవాడూ పాడతాడు, పాలలో విషం కలిపేదీ పాడుతుంది, గుమ్మం దగ్గర కావలివాడు సైతం ఓ పల్లవి అందుకుంటాడు. గిరీష్ యూనివర్సిటీలో చరిత్ర చెబుతాడు. ఈ సినిమా మీద క్యాంపస్ సెమినార్‌కు పేపర్ రాస్తున్నాడు. ఆయనకు తమిళం ఒక్క ముక్క రాదు.

స్వర్ణకు వచ్చు. ఆమెది నగరి, వాళ్లమ్మది తిరుత్తణి. తల్లీకూతుళ్లు పోట్లాడుకున్నా నవ్వుకున్నా తమిళంలోనే. పెళ్లయి తార్నాక వచ్చిన కొత్తలో అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే అత్తగారు ఈశ్వరమ్మ పిలిచి కూర్చోబెట్టింది. "మా ఇంట్లో ఆ అరవగోల వద్దుమ్మా. ఏం మాట్లాడతాండావో, మమ్మల్నేం అంటాండావో మాకెట్ల తెలియాల?" అంది. గిరీష్ చదువుతున్న పుస్తకంలోంచి తల ఎత్తలేదు. ఆ రోజు నుంచి స్వర్ణ అమ్మతో కూడా తెలుగే మాట్లాడింది. అమ్మ తెలుగు కూడబలుక్కుని "బాగుండావా, తిన్నావా" అనేది, ఆపైన ఏమనాలో తోచక ఫోన్ పెట్టేసేది. అలా అడగాల్సినవీ చెప్పాల్సినవీ మిగిలిపోయాయి, అమ్మ పోయింది. ఇప్పుడు అదే తమిళం ఆ ఇంట్లో పొద్దస్తమానం మోగుతోంది. ఈశ్వరమ్మ కూడా "వాడికేందో కావాలంట, పోయి చెప్పు" అంటోంది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య అంటారు. దాటాక ఏమంటారో స్వర్ణకు తెలియకపోలేదు.

అయినా ఆ పని ఆమెకు నచ్చింది. గిరీష్ క్లాసులకు వెళ్లాక, అత్తగారు కునుకు తీసే వేళ, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పెద్ద రాణి పాటలు మళ్లీ మళ్లీ వినేది. రాణి అచ్చం అమ్మలాగే మాటల చివర సాగదీసేది. ఈ ఇంట్లో నాతో ఉప్పూ పప్పూ గురించి కాక ఇంకేదైనా మాట్లాడే మనిషి తొంభై ఏళ్ల కిందటి ఈ రాణి ఒక్కతే కదా అనుకుని నవ్వుకునేది, ఆ నవ్వు నిలిచేది కాదు. ఎవరూ తిట్టడం లేదు, కొట్టడం లేదు. ఎవరైనా అడిగితే ఏం బాధ అని చెప్పాలో కూడా తెలియదు. ఎవరూ అడగనూ లేదు.

సభలో రాజును పొగుడుతూ పెద్ద రాణి పాడే పాటలో ఒక చరణం వినబడదు. "అక్కడ రీలు పాడైంది" అని గిరీష్ తేల్చేశాడు. కానీ ఆ చరణంలో హార్మోనియం మాత్రం శుభ్రంగా వినబడుతోంది. రీలు పాడైతే అదీ పోవాలి కదా? ఆ రోజుల్లో నటించేవాళ్లే అక్కడికక్కడ పాడాలనీ, మైకును సింహాసనం పక్కన పూలకుండీలో దాచేవాళ్లనీ గిరీషే ఒకసారి భోజనం దగ్గర చెప్పాడు. స్వర్ణ మళ్లీ చూసింది. ఆ చరణం దగ్గర రాణి సింహాసనానికి వీపు చేసి చెలికత్తె వైపు తిరిగింది. గొంతు పోలేదు, మైకుకు దూరమైందంతే. సౌండ్ పూర్తిగా పెంచి, పెదవుల కదలిక చూస్తూ, ఎన్నో మధ్యాహ్నాలు కూర్చుని ఆ చరణం పట్టుకుంది. ఈ సభకు నా గొంతు కావాలి చెలీ, నేను అక్కర్లేదు అంటోంది రాణి.

ఆ సాయంత్రం ఉండబట్టలేక, "ఏమండీ, ఆ వినబడని చరణం..." అని మొదలుపెట్టింది.

"అది పోయిన భాగమని రాసేసినా కదా స్వర్ణా. పెద్దపెద్దోళ్లే వదిలేసినారు. నువ్వు పోయి రసం చూడు."

రసం చూసింది.

సెమినార్ రోజు స్వర్ణ మురుకుల డబ్బాతో తార్నాక నుంచి ఆటోలో క్యాంపస్‌కు వచ్చింది. చెన్నై నుంచి అరుంధతి అనే ప్రొఫెసర్ వస్తోందనీ, బయటి తిండి పెడితే బాగుండదనీ గిరీష్ ముందు రోజే చేయించాడు. స్వర్ణ చివరి వరసలో కూర్చుంది. గిరీష్ బాగా మాట్లాడాడు, ఆమె చెప్పిన ప్రతి మాటా ఆయన నోట్లో చక్కగా ఒదిగింది. "టీలు పెట్టి పెట్టి అలిసిపోయిన మా ఆవిడకు థాంక్స్" అంటే అందరూ నవ్వారు. తర్వాత రాణి పాట వేసి, గొంతు తగ్గిన చోట ఆపాడు. "ఇక్కడ రాణి ఏమన్నదో ఇంక ఎవరికీ ఎప్పటికీ తెలియదు."

"అయ్యో" అంది అరుంధతి, నిజంగానే బాధపడుతూ.

ఇంటికెళ్లి చెబితే ఇదీ గిరీష్ తర్వాతి పేపర్లోకి పోతుంది, అనుకుంది స్వర్ణ. చెప్పకపోతే రాణి ఒక్కసారి తన కోసం పాడుకున్న మాట స్వర్ణతోనే మట్టిలో కలిసిపోతుంది. చెయ్యెత్తింది.

గిరీష్ చూశాడు. "టీ టైమైందంట, మా ఆవిడ చెప్తాంది" అన్నాడు. మళ్లీ నవ్వులు. స్వర్ణ చెయ్యి దించలేదు. నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. కరుణ అనే రీసెర్చ్ స్టూడెంట్ మైకు పట్టుకుని ఆమె దగ్గరకు వచ్చింది. "చెప్పుండ్రి మేడం, గా స్టేజి దాకా వినబడ్తది."

"నా పేరు స్వర్ణ" అంది ఆమె. "ఇందాక మీరు విన్న పాటలన్నీ మా ఆయనకు తెలుగులో చెప్పింది నేనే. ఈ చరణం కూడా ఆయనకే చెప్పబోయాను, వినలేదు. అందుకని ఇది మాత్రం నా పేరు మీద చెబుతున్నాను."