నడవ గోడకు ఇత్తడి రింగులు

మారేడ్‌పల్లిలో ఆ పాత బంగళాలోకి అద్దెకు దిగిన వారానికి రంగులు మొదలుపెట్టాం. నడవలో తలుపులన్నీ ఒకే వైపు. ఎదుటి గోడ పొడవునా నా నడుమెత్తున ఇత్తడి రింగులు బిగించి ఉన్నాయి. పైనున్న ఆకుపచ్చ గాజుల్లోంచి ఎండ పడితే, ఆ నడవ చెరువు అడుగులా ఉండేది. అందులో మా మాటలు కూడా మెల్లగా తేలేవి.

"ఏందమ్మా గివి? పీకేస్తా, రంగు సాఫ్‌గ పడ్తది," అన్నాడు రంగులేసే సత్యదేవ్.

"బట్టలారేసే తాడుకేమో," అన్నాడు నా భర్త పాల్.

గోడకంత దగ్గరగా తడిబట్టలు ఎవరారేస్తారు?

"నన్ను బర్రెలా కట్టెయ్యడానికి," చివరి గదిలోంచి అత్తయ్య మేబెల్ గొంతు.

ఆవిడకిప్పుడు వెలుగూ నీడా తప్ప ఇంకేమీ కనిపించదు. మేం ఇంతకుముందున్న ఇల్లు ఆవిడ చేతులకు కంఠతా వచ్చు. ఇక్కడ బాత్రూంకి వెళ్లాలన్నా నన్ను పిలవాలి. పిలవడం ఇష్టంలేక నీళ్లు తాగడం తగ్గించారు. రాత్రి పెట్టిన చెంబు పొద్దున నిండుగానే ఉంటోంది. అడిగితే, దాహం లేదంటారు.

తీసేముందు ఎలా ఉంటాయో చూద్దామని చింతపండుతో రింగులు తోమాను. అన్నీ గుండ్రనివే. బాత్రూంకి ఎదురుగా ఉన్నదొక్కటి నాలుగు పలకలు. వరండా దగ్గర జంట రింగులు. తలుపు కళ్లెదుటే ఉండగా గుర్తెందుకు? కళ్లు మూసుకుని మళ్లీ తడిమాను. గుర్తు చేతికి దొరికింది.

"సత్యదేవ్, ఆగు!"

కొత్త తాడు రింగుల్లోంచి దూర్చాను. "జెర గట్టిగ గుంజుదాం," అని అతనే ముడేశాడు. అత్తయ్య చేతిని తాడు మీద పెట్టాను.

"ఏంటే ఫెయిత్ ఇది?"

"మీ బర్రె తాడే."

"చూశావా, చెప్పానా!" నవ్వుతూనే కదిలారు. మొదట వేళ్లు, తర్వాత పాదాలు. ఆకుపచ్చ వెలుగులో ఆవిడ తెల్లచీర ఎవరూ తొయ్యని పడవలా సాగింది. పలకల రింగు దగ్గర ఆగి, వేళ్లతో చుట్టూ తడిమి, వెనక్కి తిరిగి చెయ్యి చాచారు. తలుపు తగిలింది.

"బాత్రూం కదూ?"

ఆవిడ మళ్లీ తాడందుకుని జంట రింగుల దాకా నడిచి, వరండాలోకి వెళ్లి, ఎండలో ఉన్న కుర్చీని తడుముకుని కూర్చున్నారు. కాసేపటికి పిలిచారు.

"ఫెయిత్, గ్లాసుడు నీళ్లియ్యవే. నిండుగా."