రెండో తుంటి

నొయెమీ కుడి తుంటి ఎముకలో ఎవరూ చెప్పని గుంత ఒకటి ఉంది, దాని అంచు నుంచి కిందిదాకా పగులు పాకింది. డాక్టర్ యోలిమా ఎక్స్‌రేని కిటికీ వెలుగులోకి ఎత్తి మళ్ళీ చూసింది. గుంత ఎడమ తుంటిలోనే ఉండాలి. అక్కడా ఉంది.

కాలీ నగరంలోని ఆ ఆసుపత్రిలో వెన్నుపూసలు అతికించేటప్పుడు ఒకే వీపులో రెండు రకాలు వేసి పోల్చేవారు. వెన్నుకి ఎడమపక్క రోగి ఎడమ తుంటి నుంచి గీకిన సొంత ఎముక, కుడిపక్క ఎముకకి బదులుగా కొత్తగా వచ్చిన తెల్లటి పొడి. కుడి తుంటిని ముట్టుకునే పనే లేదు. రెండు పక్కలా సమానంగా అతుకుతోందని పెద్ద డాక్టర్ బెలిసారియో తేల్చాడు. ఇక తుంటి గీకక్కర్లేదు, పొడి ఒక్కటే చాలన్నాడు. అలా పొడి మాత్రమే వేయించుకోబోయే మొదటి మనిషి, చెరకు కోసే ఎలియేసర్, ఖాళీ కడుపుతో పై అంతస్తులో ఎదురుచూస్తున్నాడు. మధ్యాహ్నం అతనికి ఆపరేషన్ చేయాల్సింది యోలిమాయే.

"నడుం బాగయింది తల్లీ," అంది బల్ల మీద పడుకున్న నొయెమీ. "దాని నొప్పే ఇల్లు మారి తుంటిలో దిగింది."

యోలిమాకి నవ్వు రాలేదు. నొయెమీ వీపు మధ్య ఉన్నది ఒకే గాటు. అందులోంచే చర్మం కిందుగా రెండు తుంటులూ గీకొచ్చు, పైకి మచ్చ కనబడదు. ఆ ఆపరేషన్ చేసింది బెలిసారియో. తుంటి పని తన చేతికే వదిలెయ్యమనడం ఆయనకు అలవాటు.

ఆయన క్యాంటీన్‌లో కోడి పులుసు ముందు కూర్చుని, కాలి ఎముక కొరికి మూలుగ జుర్రుకుంటున్నాడు. జిడ్డు గడ్డం మీదికి కారుతోంది. యోలిమా ఎక్స్‌రేనీ, పొడి పొట్లాన్నీ పళ్ళెం పక్కన పెట్టింది. వయసు మీరిన ఆడవాళ్ళ ఎముకలు గుల్లబారడం మామూలేనని ఆయన సర్దబోయాడు.

"ఎలియేసర్ వీపులో ఇదొక్కటే పెట్టాలి సార్. పెట్టమని మీ నోటితో చెప్పండి."

జుర్రడం ఆగింది. ఆయన వేళ్ళు ఒక్కొక్కటే నాక్కుని తుడుచుకున్నాడు.

"వద్దమ్మాయ్, పెట్టకు. మొదట్లో ఒకడికి పెట్టి, మళ్ళీ తెరిచి చూశాను. తడిసిన సున్నంలా చేతికంటింది, ఎముక పట్టలేదు. అప్పటికే ఇది అద్భుతమని డాక్టర్ల సభలో చెప్పేశాను. అందుకే ఆ తర్వాత అందరికీ రెండో తుంటి కూడా గీకాను. రెండు పక్కలా వాళ్ళ ఎముకే వేశాను, పొడి సింకులో పోశాను. అయినా వాళ్ళ నడుములు అతికాయిగా? ఎవరికేం నష్టం చేశాను?"