అందరూ వచ్చి మీ మతం ఇవ్వాలి

పోస్టరులో తప్పుందని సుచరితకు మొదట చెప్పింది రిటైరైన తెలుగు టీచరు కామేశ్వరమ్మ. జంగ్లీఘాట్‌లో చేపల పడవల దగ్గరికి దిగే మెట్ల పక్కన, సునామీకి బీటలు వారిన గోడ మీద, అప్పటికింకా మైదా జిగురైనా ఆరలేదు.

"ఎవరమ్మా ఇది రాసింది?"

"నేనే టీచర్ దీదీ."

"అనుకున్నా. ఏదీ, పైకి చదువు."

సుచరిత చదివింది. "చేపల అరుగు విషయమై గురువారం పదకొండు గంటలకు కమ్యూనిటీ హాలుకి అందరూ వచ్చి మీ మతం ఇవ్వాలి."

"మతం ఇచ్చేసి ఇంటికెళ్లిపోవాలా?"

సుచరిత తెలుగు నేలకు దూరంగా ఈ దీవుల్లోనే పుట్టింది. తెలుగు నోట్లో ఉంది గాని చేతికి రాలేదు, చదువంతా హిందీలో సాగింది. డెలానీపూర్‌లో ఒక సర్కారు ఆఫీసులో కాంట్రాక్టు టైపిస్టు. సాహెబు హిందీలో రాసిస్తే తెలుగు చేయడానికి తనకు తానే ఒక చిట్కా కనిపెట్టుకుంది. నగర్‌కి సున్నా పెడితే నగరం, జల్‌కి పెడితే జలం. అభిప్రాయం చెప్పండి అనడానికి సాహెబు 'మత్' అని రాశాడు. ఆమె సున్నా పెట్టింది.

కామేశ్వరమ్మ సంచీలోంచి నల్ల మార్కరు తీసి చేతిలో పెట్టింది. "కొట్టేసి అభిప్రాయం అని రాయి. భకి ఒత్తు మర్చిపోకు."

పోస్టర్లు పది. మధ్యాహ్నమంతా సుచరితదే. ముందు ఎండగా ఉందనుకుంది. తర్వాత చాయ్ తాగి చూద్దామనుకుంది. ఆ తర్వాత, జిగురు తడి మీద ఇంకు పాకిపోతుందేమో అనుకుంది. మూడో సాకు దగ్గరకొచ్చేసరికి, తనతో తానే అబద్ధమాడుతోందని తెలిసిపోయింది. తెలిశాక సిగ్గు రావాలి. ప్రాణం హాయిగా ఉంది.

ఇలాంటి మీటింగులు ఇంతకుముందు రెండయ్యాయి. రెండూ పదకొండు గంటలకే, అంటే చేపల అరుగు మీద బేరం జోరుగా సాగే వేళకే. రెండింటికీ వచ్చింది గోల్ ఘర్ దుకాణదారు పోలిరాజు ఒక్కడే. అతను సమోసా తిని, "జీ సర్" అని వెళ్లేవాడు. "అభ్యంతరాలు లేవు" అని రెండుసార్లూ టైపు చేసింది సుచరితే. భూకంపానికి నేల కుంగింది, పోటు రోజుల్లో నీళ్లు అరుగెక్కుతున్నాయి, కాబట్టి చేపలమ్మే ఆడవాళ్లను కొండమీది షెడ్డుకి మార్చాలి. ఇదీ ఆఫీసు ఆలోచన. మూడోసారి కూడా అభ్యంతరం లేకపోతే ఖాయమైపోతుంది. ఆ అరుగు మీద ఇరవై ఏళ్లుగా కూర్చుంటున్న అసిరమ్మ సుచరిత తల్లి. మోకాళ్ల నొప్పులతో ఆవిడ ఆ కొండెక్కలేదు. ఆ రెండు పదాలూ తన వేళ్లే కొట్టాయని సుచరిత ఇంట్లో ఇంతవరకూ చెప్పలేదు.

సాయంత్రానికి కబురు కుళాయి దగ్గరికి చేరింది.

"ఒలే సుచీ, మీ ఆఫీసోళ్లు మతాలు పట్టుకెళ్తారంట, నిజమేనేటి?" అంది అసిరమ్మ.

"నాకేం తెలుసమ్మా."

"సునామీ అయినాక బకెట్టిచ్చినారు, దుప్పటిచ్చినారు, రేకులిచ్చినారు. ఇచ్చినోళ్లు ఊరికే ఉంటారేటి? ఇప్పుడు పుచ్చుకోడానికొచ్చినారు."

"రసీదిస్తారేటి పిన్నీ?" అని వెనకనుంచి సింహాచలమ్మ గొంతు. కుళాయి దగ్గర నవ్వులు. నవ్వుల అడుగున కాస్త భయం కూడా.

గురువారం చేపల మీద తడి గోనెలు కప్పేసి అందరూ వచ్చారు. సింహాచలమ్మ ఒళ్లో అమ్మవారి పటం. చర్చికెళ్లే రమణయ్య చేతిలో బైబిలు. కుర్చీలు చాలక ఇద్దరూ ఒకే బెంచీ మీద సర్దుకుని, పటం జారకుండా చెరో వైపు పట్టుకున్నారు. పోలిరాజుకి కుర్చీ దొరకలేదు. సమోసాలు ఆరే తెప్పించారు.

సాహెబు హాలు చూసి మురిశాడు, తర్వాత బెదిరాడు. లేచి చేతులు చాచాడు. "బెహనో, అప్నా మత్ దో!"

అక్కచెల్లెళ్లారా, మీ అభిప్రాయం ఇవ్వండి అని ఆయన ఉద్దేశం. కాని బజారు హిందీలో 'మత్ దో' అంటే ఇవ్వొద్దు.

అసిరమ్మ లేచింది. "ఇవ్వొద్దంటన్నాడు! మరైతే మమ్మల్ని రమ్మనడం దేనికి?"

"మత్ దో! మత్ దో!" సాహెబు బతిమాలాడు.

"ఇవ్వం! ఇవ్వం!" హాలంతా ఏకమైంది.

ఆయనకూ వీళ్లకూ ఇంత చక్కగా మాట కలవడం సుచరిత ఎప్పుడూ చూడలేదు. తల వంచుకుని నవ్వు మింగింది. కామేశ్వరమ్మ స్కేలుతో బల్ల మీద కొట్టింది. ముప్పై ఏళ్లు క్లాసుల నోరు మూయించిన దెబ్బ అది.

"మతం కాదర్రా, అభిప్రాయం! అరుగు మార్చడం మీకిష్టమేనా, కాదా? అదీ అడుగుతున్నది."

హాలు చల్లబడింది. సుచరిత తలుపు వైపు చూసింది. ఇంతేనా అని లేచి చేపల దగ్గరికి వెళ్లిపోతారు. మూడోసారీ ఆ రెండు పదాలూ తనే కొట్టాలి.

అసిరమ్మ మోకాళ్లు పట్టుకుని మెల్లగా కూర్చుంది. "అదా! అది మా కాడ బోలెడుంది." సాహెబు వైపు తిరిగింది. "సాబ్, పానీ మూడో మెట్టు దాకే ఆతా. అమావాస్యకి కూడా. అరుగు ఒక్క మూర ఎత్తండి, బస్. కొండెందుకు?"

"ఎవరు కొలిచారు?" అన్నాడు సాహెబు హిందీలో.

"నా కాళ్లు. ఏడాదిన్నరగా తడుస్తన్నాయి."

ఇక ఎవరూ ఆగలేదు. గంటన్నర మాట్లాడారు. రమణయ్య, సింహాచలమ్మ ఏ మెట్టుదాకా నీళ్లొస్తాయో తేలక పోట్లాడుకున్నారు కూడా. పటం మాత్రం వదల్లేదు. సుచరిత రాసుకున్నది ఆరు పేజీలైంది. చివరికి సాహెబు చెమట తుడుచుకున్నాడు. "ఎత్తొచ్చు. కాని రాళ్లేవీ? ఉన్నవన్నీ జెట్టీ పనికి పోతున్నాయి. రాళ్లుంటే మేస్త్రీని నేనిస్తాను. వచ్చే గురువారం మళ్లీ కూర్చుందాం."

ఆఫీసులో సాహెబు సుచరితను పిలిచాడు. "ఈ తప్పెలా జరిగింది?"

"నాకు తెలుగు రాయడం సరిగ్గా రాదు సర్." అది నిజమే. నిజం కూడా అసలు సంగతిని ఇంత బాగా దాచిపెట్టగలదని ఆమెకు అప్పుడే తెలిసింది.

"ఈసారి మత్ వద్దు. 'రాయ్' అని పెట్టు. అదీ అభిప్రాయమే, గొడవుండదు." హిందీ కాగితంలో ఆ మాట కింద రెండు గీతలు గీసి ఇచ్చాడు.

సుచరిత కీబోర్డు మీద వేళ్లుంచింది. ఈ మాటకి సున్నా అక్కర్లేదు. ఒక్క గుడి చాలు.

మర్నాడు పోస్టరు ముందు కామేశ్వరమ్మ కళ్లజోడు సర్దుకుని మనసులోనే చదివింది. "చేపల అరుగు విషయమై అందరూ వచ్చి మీ రాయి ఇవ్వాలి." మళ్లీ చదివింది. సుచరిత మార్కరు తిరిగి ఇవ్వబోయింది, మూతైనా తీయనిది.

"ఉంచుకో," అంది టీచరు. "ఇందులో నాకేమీ తప్పు కనబడలేదు."

వెనకనుంచి అసిరమ్మ బుట్ట దించి అడిగింది. "ఏటి రాసినావే?"

"తలో రాయి తెమ్మని, అమ్మా."

అసిరమ్మ అరుగు వైపు చూసింది, కూతురి వైపు చూసింది.

"ఎంత రాయే?"