కాగితం మీద కాలువ

కర్నూలు రాజధాని అయిన కొత్తలో కట్టడాలు చాలక ఆఫీసులకు డేరాలు వేశారు. అలాంటి ఒక డేరాలో కాలువల డిజైన్ ఆఫీసు ఉండేది. అందులో అసిస్టెంటు ఇంజినీరు మహానందిది ఆలూరు. కొత్త కాలువ నీళ్లు ఆలూరు దాకా పారతాయని లెక్క తేలితే అక్కడిదాకా తవ్వుతారు. తేలకపోతే సగంలోనే ఆపేస్తామని పెద్ద ఇంజినీరు చెప్పేశాడు. వానను నమ్ముకుని ముసలివాడైపోయిన తండ్రి కంబన్న గుర్తొస్తే మహానందికి అన్నం సయించేది కాదు.

ఆ లెక్క మామూలుది కాదు. వరదప్పుడు కాలువలో నీళ్లొక్కటే రావు, ఒండ్రూ వస్తుంది. గంటగంటకూ నీళ్ల లోతెంత, అడుగున పేరుకునే ఒండ్రెంత అని కాగితం మీద కాలువను పారించాలి. పై సగం సీనియరు గుమాస్తా ఓబులేసు లెక్కేస్తాడు, కింది సగం జూనియరు ఇమాం వలి.

ఆ కాలువకు పిచ్చెక్కింది. ఒక గంటకు నీళ్లు గట్టు దాటాయి. మరుగంటకు కాలువ అడుగు కంటే కిందికి దిగిపోయాయి. ఆ పై గంటకు తాటిచెట్టంత లేచాయి. తప్పు లెక్కల మిషనుదేనని దానికి నూనె పోశారు, శుక్రవారం నాడు కొబ్బరికాయ కూడా కొట్టారు. గంటకు బదులు అరగంట చొప్పున లెక్కేయమన్నాడు మహానంది. నీళ్లు అరగంటకోసారి ఎగిరాయి.

ఇక లాభం లేదని వాళ్ల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కింద ఒండ్రు పేరుకుంటే నీళ్లు వెనక్కి ఎగదన్నుతాయి. ఆ సంగతి పై సగానికి తెలియాలి. వలి తన అంకె రాసి ఓబులేసు బల్ల మీద పెట్టాడు. ఓబులేసు దాని మీద తమలపాకుల పొట్లం పెట్టి, తన పాత అంకెతోనే నీళ్లు వదిలాడు.

"ఆ అంకె చూడరేంది ఓబులేసు గారూ?"

"వాడు నాకంటే శానా చిన్నోడు సార్. వాని అంకె చూసి నా అంకె దిద్దుకుంటే, రేపు ఈడ నా మర్యాద యాడుంటాది?"

మహానందికి ఒళ్లు మండింది. కానీ తల నెరిసిన మనిషిని ఏమంటాడు? నీళ్లు చివరికి చేరే చోటే గొప్పదని పొగిడి ఓబులేసుకు కింది సగం అప్పగించాడు, వలికి పై సగం ఇచ్చాడు. ఓబులేసు అంకెను వలి వినయంగా అందుకున్నాడు. నీళ్లు చెప్పినట్టు విన్నాయి. అయితే ఒండ్రు పైనుంచి కిందికి కదా వచ్చేది. వలి పంపిన ఒండ్రును ఓబులేసు ముట్టుకోలేదు. ఒండ్రు లేని నీళ్లు అడుగును కోసుకుంటూ పోయాయి. ఆలూరు దగ్గర కాలువ బావి లోతయింది.

సంగతి పెద్ద ఇంజినీరు దాకా పోయింది. ఆయన ఎవరినీ నొప్పించే మనిషి కాదు. "కాలువలో ఒండ్రు లేదని భావించడమైనది" అని ఉత్తర్వు వేయించాడు. వలి పంపే ఒండ్రుతో ఓబులేసుకు పనే లేకపోయింది. ఆ పూటే ఆలూరు దాకా లెక్క తేలింది. నిజం కాలువను ఒండ్రు కొన్నేళ్లలోనే పూడ్చేస్తుందని మహానందికి తెలుసు. సంతకం పెట్టకపోతే ఆ కాలువ కూడా రాదనీ తెలుసు. తన మీద తనకే అసహ్యం వేస్తుండగా సంతకం పెట్టాడు.

ఆదివారం ఆలూరు పోయి తండ్రికి చెప్పాడు. కంబన్న కళ్లు తుడుచుకున్నాడు. చేను వైపు తిరిగాడు.

"ఎర్రనీళ్లే వస్తాయి గదప్పా? ఆ ఒండ్రు పడితే చేనికి శానా బలం."

మహానంది తల ఎత్తలేదు.

"లేదు నాయనా. తేటనీళ్లే వస్తాయి. ఆర్డరయ్యింది."