ఇటుకలు నా వల్లే పగిలాయట

పొద్దున లేవగానే ఇటుకలకు నీళ్ళు కొట్టాలి. ఇంట్లో ఎవరి నోట్లో చాయ్ చుక్క పడాలన్నా ఆ తర్వాతే, ఆ చాయ్ కూడా నేనే పెట్టాలి. పైపు పట్టుకుని ఇటుకల మీద కప్పిన గోనెసంచులన్నీ తడిపి వచ్చేసరికి అత్తమ్మ కాటమ్మ గడపలో కూర్చుని, పొయ్యి ఇంకా ముట్టించలేదేమని మొదలుపెడుతుంది.

మిర్యాలగూడ రైసుమిల్లులు ఊక కాల్చి పారబోసే బూడిదతో ఇటుకలు చేయొచ్చని ఈ ఇంటికి చెప్పింది నేను. కోదాడలో ఇంజనీరింగ్ చివరి ఏడాది నా ప్రాజెక్టు అదే. సిమెంటు తగ్గించి, ఊక బూడిద, నురగ కలిపి పోస్తే ఇటుక నీళ్ళ బకెట్లో తేలేంత తేలికవుతుంది. పెళ్ళయిన కొత్తలో మా ఆయన శ్రీహరి చుట్టాల ముందు, "మా ఆమె బూడిదతోని ఇండ్లు కడ్తదట" అని పడీపడీ నవ్వాడు. ఇప్పుడు అవే ఇటుకలు చేసే షెడ్డు మీద బోర్డు "శ్రీహరి లైట్ వెయిట్ బ్రిక్స్". నా పేరు కూడా పెట్టమంటే, ఇంటి ఆడదాని పేరు రోడ్డు మీదెందుకన్నాడు. ఎవరైనా చూడ్డానికొస్తే, ఊరికే కూర్చోలేక నేనేదో సాయం చేస్తుంటానని చెబుతాడు. కలిపేది నేను, పోసేది నేను, తడిపేది నేను. ఇదీ సాయమేనట!

పోయిన నెల పాలకీడులో బడి గదులు కట్టే కాంట్రాక్టర్ మొదటి ఆర్డరిచ్చాడు. ఇటుకలు పోసిన మర్నాడే నాకు నెలసరి వచ్చింది. ఇటుకల మిషన్‌కు పసుపు కుంకుమ పెట్టి పూజ చేశారు కాబట్టి ఆ దిక్కు రావద్దని అత్తమ్మ నన్ను వెనక గదిలో కూర్చోబెట్టింది. ఎండలు మండిపోతున్నాయి. ఊక బూడిద నీళ్ళు బాగా పీలుస్తుంది, సంచులు ఆరితే ఇటుక పగులుతుందని కిటికీలోంచి శ్రీహరికి పదేపదే చెప్పాను. చూసుకుంటాలే అని బండేసుకుని సూర్యాపేటలో దోస్తు ఇంటి ఫంక్షన్‌కు పోయాడు. నేను తలస్నానం చేసి బయటికొచ్చేసరికి ఏ ఇటుక చూసినా పగుళ్ళే.

అత్తమ్మ ఏమందో తెలుసా?

"దూరమున్నది దూరమున్నట్టు ఉండక, కిటికీల కెల్లి ఇటుకల దిక్కు సూసింది. పగుల్తయా, పగులయా?"

నా చూపుకు పగిలాయట! నీళ్ళు కొట్టని మనిషి పక్కనే నిలబడి నేల చూస్తున్నాడు. అంతటితో ఆగాడా అంటే అదీ లేదు. కాంట్రాక్టర్‌కు ఫోన్ చేసి, మా ఆవిడ నీళ్ళు సరిగా పట్టలేదని చెప్పాడు.

బతిమాలితే కాంట్రాక్టర్ ఇంకొక్కసారి చూస్తానన్నాడు. ఈసారీ పగిలితే ఆర్డర్ పోతుంది, షెడ్డు మూతపడుతుంది. నిన్న మళ్ళీ పోశాను. ఈ పొద్దున పైపు చేతిలో ఉండగానే నెలసరి వచ్చింది. అత్తమ్మతో చెప్పాను. ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఎవ్వలకు చెప్పకు. పోయి నీళ్ళు కొట్టు. దేవునికి నేను దండం పెట్టుకుంట."

అంటే ఇన్నాళ్ళూ నేను వేరే పళ్ళెంలో తిన్నదీ, చలికాలం చాప మీద వణికిందీ, మంచినీళ్ళ కోసం తలుపు దగ్గర నిలబడి అడుక్కున్నదీ ఒక్క దండంతో పోయేవేనా? ఇటుకల కోసం పెట్టే దండం ఒక్కనాడైనా నా కోసం పెట్టలేకపోయిందా ఈమె? పైపు అక్కడే పడేసి, వెనక గదిలోకి పోయి చాప పరుచుకున్నాను.

ఎండెక్కాక శ్రీహరి కిటికీ దగ్గరికొచ్చాడు.

"శైలూ, సంచులు ఆరిపోతున్నయ్. జర లే."

"నేను సూస్తెనే పగుల్తయ్ గద."

"అమ్మ మాటలు ఇడిసిపెట్టు. అప్పుడు తప్పు నాదే. నేనే నీళ్ళు కొట్టలే."

"నాకెందుకు చెప్తవ్? కాంట్రాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పు. ఇటుకలు చేసేది ఎవలో గూడ చెప్పు."

జేబులో ఫోన్ తడుముకున్నాడు కానీ తీయలేదు.

"గట్ల చెప్తే నా పరువేముంటది?"

"అయితే ఆ పరువే తీస్కపోయి ఇటుకల మీద కప్పు."

అవి నా ఇటుకలు. ఒక్కటి పగిలినా నా ప్రాణం విలవిల్లాడుతుంది. పగలనీ అనుకుని కిటికీ మూసేశాను.