మిల్లు దగ్గర పోసిన ఎర్రనీళ్ళు

దుంగల ట్రక్కు ఎదురుగా వచ్చి, ఇల్లులాంటి వాళ్ళ ఆర్వీ బండి పక్క అద్దాన్ని ఊడబెరుక్కుని పోయింది. ఒక్క జానెడు ఇటు జరిగి ఉంటే అద్దంతో పోయేది కాదు. కిరీటి స్టీరింగు విరగదిప్పాడు. బండి గులకరాళ్ళ మీద ఊగి ఊగి ఆగింది. అల్మారా తెరుచుకుని పప్పుల డబ్బాలన్నీ నేల మీద దొర్లాయి. తొమ్మిదేళ్ళ శ్రేయ నుదురు బల్ల అంచుకు కొట్టుకుని అప్పటికప్పుడే బొప్పి కట్టింది.

"ఐయామ్ ఓకే, అమ్మా," అంది శ్రేయ.

దమయంతి బొప్పి మీద చల్లటి గరిటె అదిమి పట్టుకుంది. బండి పోనీ, ప్రయాణం పోనీ, ఈ పిల్లకి ఏమీ కాకుండా ఇల్లు చేరితే చాలనుకుంది. తాముండే సర్రీలో బయల్దేరిన దగ్గర్నుంచి కిరీటి ప్రతి మజిలీకీ ఫోటో తీసి మూడు వాట్సాప్ గ్రూపుల్లో పెడుతూనే ఉన్నాడు. ఇంతమంది కళ్ళు పడితే అద్దం ఊడదా మరి? ఈ పూట ఎక్కడ ఆగినా ముందు దిష్టి తీయాలి.

అయితే ఆగడానికే చోటు దొరకలేదు. మొదటి రెండు రాత్రులూ ఉచితంగా గడిచాయి. ఉచితంగా చోటు వెతకడం కిరీటికి పందెం లాంటిది. కానీ ఇది జూలై లాంగ్ వీకెండ్. క్యాంప్‌గ్రౌండ్లు నిండిపోయాయి. సూపర్ స్టోర్ పార్కింగ్‌లో రాత్రిపూట బండ్లు నిలపకూడదని బోర్డు ఉంది. హైవే పక్క రెస్ట్ ఏరియాలో ట్రక్కుల మధ్య సూది దూరే సందు లేదు. చివరికి ఫోన్‌లో యాప్ ఒక చోటు చూపించింది. మూతపడ్డ రంపపు మిల్లు ఆవరణ. చదునైన నేల, ఉచితం.

"ఏవండీ, కింద ఇంకో లైన్ ఉంది చూశారా? అక్కడ నీలం ట్రైలర్‌లో ఒక పెద్దాయన ఉంటాడట. ముందు ఆయన్ని అడగమని రాశారు."

"ఫ్రీ ప్లేస్‌కి పర్మిషనేంటే? అడిగితే కాదంటాడు. అడక్కపోతే వాడికీ బాధ లేదు, మనకీ లేదు."

"వాకిట్లో బండి పెట్టుకుని పలకరించకపోతే ఏం బాగుంటుంది?"

"పొద్దున్నే కాఫీ పట్టుకెళ్ళి పలకరిద్దువుగానిలే, మర్యాదస్తురాలా."

ఆ వేళప్పుడు ఇంకో చోటు వెతకమనే ఓపిక దమయంతికీ లేదు.

వాళ్ళు మిల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదయింది. అక్కడి వేసవి కాబట్టి ఎండ ఇంకా కొండల మీదే ఉంది. నీలం ట్రైలర్ తలుపు మూసి ఉంది. మెట్ల పక్కన ఒక జత బూట్లు, నీళ్ళ గిన్నె ఉన్నాయి. దమయంతి స్టీలు బేసిన్‌లో నీళ్ళు పోసి పసుపు కలిపింది. సున్నం లేదు కాబట్టి, సర్రీలో శకుంతల ఆంటీ చెప్పినట్టు బేకింగ్ సోడా వేసింది. రంగు చాలలేదనిపించి కుంకుమ కూడా గుప్పెడు వేసింది. నీళ్ళు చిక్కగా, ఎర్రగా దిగాయి. తండ్రినీ కూతుర్నీ బండి ముందు నిలబెట్టి, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అని మూడుసార్లు తిప్పింది.

"దిస్ ఈజ్ సో వియర్డ్," అని నవ్వుతూ శ్రేయ బండెక్కి డ్రైవర్ సీట్లో కూర్చుంది.

ఆ నీళ్ళు ఎవరూ తొక్కని చోట పోయాలి. దమయంతి ట్రైలర్ అవతల నడుమెత్తు పెరిగిన గడ్డి దాకా నడిచి, ఒక్క విసురుతో బేసిన్ గుమ్మరించింది.

గడ్డి కుయ్యోమంది.

అందులో పడుకున్న ముసలి కుక్క, తెల్లటి కుక్క, ఎగిరి బయటపడింది. చెవుల దగ్గర్నుంచి తోక దాకా ఎర్రగా కారుతోంది. అది కుంటుకుంటూ, అరుచుకుంటూ ట్రైలర్ మెట్ల మీద పడింది.

తలుపు తెరుచుకుంది. అరవై దాటిన మనిషి, వట్టి కాళ్ళతో ఉన్నాడు. కుక్కను చూసి వంగి పట్టుకున్నాడు. తన చేతికంటిన ఎరుపు చూశాడు. గడ్డి పక్కన నిలబడ్డ ఆడమనిషిని చూశాడు. ఆయన గొంతులోంచి వచ్చినది మాట కాదు. తలుపు వెనక చెయ్యి పెట్టి ఇనప గడ్డపార లాగాడు.

"సర్, సర్! ఇట్స్ ఓన్లీ కలర్!" అంటూ కిరీటి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

గడ్డపార ఆ అడ్డం పెట్టిన చేతి మీదే పడింది. ఎండుపుల్ల విరిగిన చప్పుడు దమయంతికి అంత దూరాన వినిపించింది. కిరీటి మోకాళ్ళ మీద కూలాడు. రెండో దెబ్బ భుజం మీద పడింది. పడ్డవాణ్ణి డొక్కలో తన్ని, ఆ మనిషి బండి మీదికి నడిచాడు.

"గెట్ అవుట్ ఆఫ్ హియర్!"

ముందు అద్దం మీద ఎండ మెరుస్తోంది. లోపల పిల్ల ఉన్నట్టు ఆయనకు కనపడదు.

"చైల్డ్! చైల్డ్ ఇన్‌సైడ్!" అని అరుస్తూ దమయంతి పరుగెత్తింది. గడ్డపార లేచింది. అద్దం పగిలి లోపలికి కుంగింది. మళ్ళీ లేచింది. ఈసారి అద్దంతో పాటు శ్రేయ కేక కూడా పగిలినట్టు వినిపించింది.

దారిలో మిల్లు చెక్క ఒకటి కాలికి తగిలింది. బారెడు పొడవు, అంచులు కోసినది. దమయంతి దాన్ని రెండు చేతులా ఎత్తుకుంది.

ఆ కేకకు ఆ మనిషి బండి పక్కకు వెళ్ళి తలుపు లాగాడు. సీట్లో ముడుచుకుని, జుట్టు నిండా గాజు పెంకులతో, నుదుటి మీంచి నెత్తురు కారుతున్న పిల్ల కనిపించింది. ఆయన చేతిలోంచి గడ్డపార జారి ఖణేల్‌మంది.

"ఓ గాడ్. ఏ కిడ్," అన్నాడు. ఖాళీ చేతులు రెండూ పైకెత్తి ఇటు తిరగబోయాడు.

దమయంతి ఆ చప్పుడు విన్నది. ఆ చేతులు చూసింది. చెక్క దించడానికి ఆమెకు వ్యవధి ఉంది. దించలేదు. చెవి పైన కొట్టింది. ఆయన తలుపు అంచుకు గుద్దుకుని నేల మీద పడ్డాడు. పడ్డాక కూడా కొట్టింది. ఇంకోసారి కొట్టింది.

"అమ్మా, స్టాప్! హీ స్టాప్డ్! హీ ఆల్రెడీ స్టాప్డ్!"

చెక్క జారిపోయింది. ఆయన తల కింద గులకరాళ్ళు తడుస్తున్నాయి. ఈ ఎరుపు పసుపుతో వచ్చింది కాదు.

దమయంతి బండిలోకి చెయ్యి చాచి ముందు పిల్ల తల తడిమింది. గాయం చిన్నదే. కళ్ళు బాగున్నాయి. అప్పుడు గిన్నెలు తుడుచుకునే తుండుగుడ్డ లాగి, నేల మీద కూర్చుని, ఆయన తల ఒళ్ళో పెట్టుకుని అదిమి పట్టింది. శ్రేయ ఫోన్‌లో ఎమర్జెన్సీ నంబరు నైన్ వన్ వన్ నొక్కి స్పీకర్ పెట్టింది. అంబులెన్స్ పక్క ఊరి నుంచి రావాలి, నలభై నిమిషాలు పడుతుంది, గుడ్డ తియ్యకుండా నొక్కి పట్టమన్నారు.

అవతలి గొంతు అడిగింది, దెబ్బ తగిలినప్పుడు అతను మీ మీదికి వస్తున్నాడా అని.

కిరీటి విరిగిన చెయ్యి పొట్టకు అదుముకుని దగ్గరకు పాకాడు. "వస్తున్నాడని చెప్పు. మీదికొస్తే కొట్టానని చెప్పు. అంతే. నా చెయ్యి చూడు, ఎవరైనా నమ్ముతారు. ప్లీజే. నిన్ను తీసుకుపోతే దీన్నెవరు చూస్తారు?"

ఒళ్ళోని ముసలాయన కనురెప్పలు అదిరాయి. ఏదో పేరు గొణిగాడు. కుక్క పేరు కాబోలు. దమయంతి తలెత్తి కూతురి వంక చూసింది. శ్రేయ ఆమెను చూడటం లేదు. ఫోన్ చాచిన చేత్తో పట్టుకుని, నేల మీది చెక్కను చూస్తోంది.

"నో," అంది దమయంతి ఫోన్‌లోకి. రావడం లేదని, గడ్డపార వదిలేశాడని, చేతులెత్తాడని, ఆ తర్వాతే తను కొట్టానని, మూడుసార్లు కొట్టానని వచ్చిన ఇంగ్లీషులో వరసగా చెప్పింది.

కిరీటి ముఖం తిప్పుకున్నాడు.

ఒళ్ళో తుండుగుడ్డ తడిసి బరువెక్కింది. "ఇంకో గుడ్డ ఇయ్యమ్మా," అంది దమయంతి.

శ్రేయ లోపలికి వెళ్ళి కొత్త తుండు తెచ్చింది. తల్లి చేతికి ఇవ్వలేదు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో నేల మీద పెట్టి, గబగబా వెనక్కి జరిగింది.