బ్యాటరీలు చూసే అమ్మాయి

పడవని ఒడ్డుకెక్కించి టార్పాలిన్ కప్పేస్తే చాలు, వరదలుండే నాలుగు నెలలూ అది హాయిగా నిద్రపోతుందని చాలామంది అనుకుంటారు. పడవ నిద్రపోతుందేమో కానీ బ్యాటరీ నిద్రపోదు. ఎవరూ ముట్టుకోకపోయినా రోజుకింత చొప్పున తనలో తానే అరిగిపోతూ ఉంటుంది. పట్టించుకోకుండా వదిలేస్తే సీజన్ మొదటిరోజు తాళంచెవి తిప్పగానే టక్కుమని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంటుంది. అప్పుడు అందరూ కలిసి దాన్ని తయారుచేసిన కంపెనీని తిడతారు. ఈ విషయం మా అన్నయ్యకి వందసార్లు చెప్పి ఉంటాను. వందసార్లూ "నువ్వున్నావు కదా చెల్లీ" అని నవ్వేశాడు. ఆ ఒక్క మాటకే నేను ఉబ్బి తబ్బిబ్బయ్యేదాన్ని. అంత తెలివితక్కువదాన్ని.

మాది పన్నెండుమంది కూర్చునే పడవ. నది చూడటానికి వచ్చినవాళ్లని ఓ గంటసేపు తిప్పి తీసుకొస్తుంది. మొదట నాన్న నడిపారు, తరవాత అన్నయ్య నడిపాడు. నాన్న మంచాన పడ్డాక ఒక మధ్యాహ్నం మా ఇద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని "పడవ ఇద్దరిదీ" అన్నారు. నాకప్పుడు పద్నాలుగేళ్లు. అందుకని కాగితాలు అన్నయ్య పేరున రాయించి, కొన్నాళ్లకి పోయారు. నాకు పద్దెనిమిది నిండాక మార్పిద్దామని అన్నయ్యే ఒకసారి అన్నాడు. అన్నాచెల్లెళ్ల మధ్య కాగితాలేమిటని నేనే కొట్టిపారేశాను.

రెండేళ్ల క్రితం అన్నయ్య బజారులో టైల్స్ దుకాణం తెరిచాడు. దుకాణం కుదురుకున్నాక, పోయిన సీజన్ చివర్లో, వదిన ముందే నాతో అన్నాడు. "నాకింక ఎండలో తిరిగే ఓపిక లేదు. నువ్వు లైసెన్సు తెచ్చుకో. వచ్చే సీజన్ నుంచి పడవ నువ్వే నడుపుదువు గానీ."

నేను పదకొండేళ్లుగా ఒక కుట్టు దుకాణంలో స్కూలు యూనిఫారాలకి గుండీలు కుడుతున్నాను. ఆ పని మీద నాకు కోపమేమీ లేదు, కానీ నేను నదిలో పెరిగినదాన్ని. లైసెన్సు పరీక్షకి వెళితే మొదటిసారి తప్పాను. పడవకి ఏ వైపు ఏ రంగు దీపం ఉండాలో అడిగితే తడబడ్డాను. రెండోసారి పాసయ్యాను. ఆ సాయంత్రమే మా దుకాణం మేడమ్‌తో, సీజన్ మొదలయ్యాక రానని చెప్పేశాను. ఆవిడ నా మిషను దగ్గరికి ఇంకో మనిషిని మాట్లాడుకుంది కూడా. వెనక్కి వెళ్లే దారిని అలా నేనే మూసుకున్నాను, అదీ సంబరంగా.

వరద నెలల్లో పడవలన్నీ ఊరి చివర పెద్ద రేకుల షెడ్డులో ఉంటాయి. మా పడవలో రెండు బ్యాటరీలు. ఒకటి ఇంజన్ స్టార్ట్ చెయ్యడానికి, రెండోది లైట్లకీ, హారన్‌కీ, అడుగున చేరిన నీళ్లు తోడే పంపుకీ. ఇంటికి తీసుకుపోదామంటే ఒక్కొక్కటీ సిమెంటు బస్తాలో సగం బరువు. పోనీ ఛార్జరు తగిలించి వదిలేద్దామంటే, మనిషి లేకుండా ఛార్జరు ఆన్‌లో ఉంచకూడదని షెడ్డులో రూలు. ఎప్పుడో ఒకసారి అంటుకుందట. కాబట్టి రెండు వారాలకోసారి ఆదివారంనాడు నేను ఛార్జరు సంచిలో వేసుకుని, రెండు బస్సులు మారి వెళతాను. రబ్బరు బుడ్డి ఉన్న గాజు గొట్టంతో ఒక్కో సెల్లులోంచీ యాసిడ్ పీల్చి, దాని బలం ఎంతుందో చూస్తాను. నీళ్లు తగ్గిన చోట డిస్టిల్డ్ వాటర్ పోస్తాను. ఛార్జరు పెట్టి ఆరేడు గంటలు పక్కనే కూర్చుంటాను. వచ్చేముందు నెగెటివ్ వైరు ఊడదీసి, దాని చివరుండే క్లాంపుకి గుడ్డ చుట్టి, ఓల్టేజీ ఎంతుందో పలక మీద రాసిపెడతాను. పన్నెండు పాయింట్ ఏడు ఉంటే కడుపు నిండినట్టు లెక్క.

షెడ్డుకి కాపలా ఉండేది ఒక ముసలాయన. నాన్నని ఎరిగినవాడు. నేను ఆయన్ని బాబాయ్ అంటాను. ఛార్జింగ్ అయ్యేదాకా ఆయన ఫ్లాస్కులో టీ తెచ్చి, నాన్న కుర్రతనంలో చేసిన వెధవ పనులన్నీ ఏకరువు పెట్టేవాడు. ఆ ఆదివారాలు నాకు చాలా ఇష్టంగా ఉండేవి.

రెండో నెలలో తేడా మొదలైంది. పన్నెండు పాయింట్ ఏడు దగ్గర వదిలి వెళ్లిన రెండో బ్యాటరీ, తిరిగొచ్చి చూస్తే పన్నెండు పాయింట్ రెండుకి దిగింది. అంటే సగం ఖాళీ. వైరు ఊడదీసిన బ్యాటరీ రెండు వారాల్లో అంత దిగదు. ఏదైనా సెల్లు చెడిందేమోనని గొట్టం పెట్టి చూశాను. చెడితే ఒక్క సెల్లే పడిపోవాలి. ఆరు సెల్లులూ సమానంగా దిగాయి. బ్యాటరీలో జబ్బు లేదు, ఎవరో వాడారు. ఛార్జి చేసి వచ్చాను. మళ్లీ దిగింది. మూడోసారి క్లాంపుకి నేను చుట్టిన గుడ్డ కింద పడి ఉంది.

అన్నయ్యకి ఫోన్ చేశాను.

"అన్నయ్యా, మన పడవలో ఎవరో లైట్లు వేసుకుంటున్నారు."

"ముసలాయనే అయ్యుంటాడు. రేడియోకో, ఫ్యానుకో పెట్టుకుంటున్నాడేమో" అన్నాడు.

"బాబాయా? ఛ!"

"ఏం, ఆయనేమన్నా దేవుడా? నువ్వు మాత్రం అడక్కు. పెద్దాయన, బాధపడతాడు. నువ్వు ఫుల్లుగా ఛార్జి చేసి ఉంచు, చాలు. రెండూ ఫుల్లుగా ఉండాలి, తెలిసిందా?"

పడవ మీద అన్నయ్యకి ఎంత శ్రద్ధ వచ్చిందో అని మురిసిపోయాను. బాబాయ్ మీద మాత్రం మనసు విరిగిపోయింది. తరవాతి ఆదివారం ఆయన టీ తెస్తే వద్దన్నాను. ఆ తరవాత కూడా వద్దన్నాను. "ఒంట్లో బాగాలేదా అమ్మాయ్?" అని అడిగితే, ముఖం చూడకుండా బాగానే ఉందన్నాను. ఆయన ఫ్లాస్కు పట్టుకుని వెనక్కి వెళ్లిపోయాడు. మూడో ఆదివారం తేలేదు.

సీజన్‌కి ఇంకా పద్దెనిమిది రోజులుందనగా, ఒక బుధవారం, కరెంటు మరమ్మతులని మా కుట్టు దుకాణం మూసేశారు. దొరికిన రోజు పోగొట్టుకోవడమెందుకని ఛార్జరు తీసుకుని బయల్దేరాను. గేటు ఇంకా ఇరవై అడుగుల దూరం ఉండగానే హారన్ వినిపించింది. మా పడవ హారనే. దానికి చివర్లో ఒక కీచు గొంతు ఉంటుంది, నిద్రలో విన్నా పోల్చుకుంటాను. దొంగ పట్టపగలే దొరికాడని పళ్లు కొరుకుతూ పరిగెత్తాను.

బాబాయ్ గేటు దగ్గరే కుర్చీలో ఉన్నాడు.

"బాబాయ్, లోపల ఎవరు?"

"మీ అన్నయ్యే. ఇంకెవరో ఆయన్ని తీసుకొచ్చాడు." నా ముఖం చూసి కుర్చీలోంచి లేచాడు. "నీకు తెలీదా? ఇది నాలుగోసారి కదా. వచ్చినప్పుడల్లా లైట్లన్నీ వేసి చూపిస్తున్నాడు. నీకు తెలిసే అనుకున్నాను."

ఈ ముసలాయన టీని నేను ఎన్ని వారాలు తిప్పి పంపానో గుర్తొచ్చి ముందు సిగ్గేసింది. మిగతాదంతా ఆ తరవాతే బుర్రకెక్కింది.

టార్పాలిన్ పూర్తిగా లాగేసి ఉంది. పడవలో లైట్లన్నీ వెలుగుతున్నాయి, అద్దం తుడిచే వైపరు పొడి అద్దం మీద కిర్రుకిర్రుమంటోంది. అన్నయ్య స్టీరింగ్ దగ్గర నిలబడ్డాడు. పక్కన కళ్లద్దాల పెద్దమనిషి ఒకాయన సీట్లు నొక్కి చూస్తున్నాడు. నన్ను చూడగానే అన్నయ్య ముఖం పాలిపోయింది. కానీ దుకాణం నడిపేవాడు కదా, అరక్షణంలో సర్దుకున్నాడు.

"ఆ, వచ్చావా? రా రా. ఇందాక చెప్పాను కదండీ, బ్యాటరీలు చూసే అమ్మాయి. ఈవిడే."

"చాలా బాగా ఉంచారమ్మా" అన్నాడు కళ్లద్దాలాయన. మర్యాదస్థుడే. "మాకు నది ఒడ్డున రిసార్టు ఉంది. ఈ మధ్య చాలా పడవలు చూశాను, ఒక్కదాంట్లోనూ హారన్ కూడా మోగలేదు."

నేను అన్నయ్యని చూశాను. అన్నయ్య నన్ను తప్ప అన్నిటినీ చూస్తున్నాడు.

"ఇంజన్ కూడా ఒకసారి వినిపిస్తాను, వినండి" అంటూ తాళంచెవి మీద చెయ్యి వేశాడు. ఆ ఇంజన్ నదిలో నీళ్లు లాక్కుని చల్లబడుతుంది. ఒడ్డు మీద నీళ్లు లేకుండా తిప్పితే నిమిషంలో పంపు రబ్బరు మాడిపోతుంది. తొట్టిలో నీళ్లు నింపి గొట్టం పెట్టాలి. ఇన్నేళ్లు నడిపిన మనిషి అది కూడా మరిచిపోయాడు.

"అన్నయ్యా, ఆగు!" అని అరిచాను.

అతని చెయ్యి ఆగింది. కళ్లద్దాలాయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"అన్నయ్యా? మీ చెల్లెలా అండీ?"

అన్నయ్య నవ్వాడు. అది దుకాణంలో నవ్వే నవ్వు.

"అబ్బే, కాదండీ. ఈ షెడ్డులో అందరూ నన్ను అన్నయ్యా అనే పిలుస్తారు."

ఎంత తేలిగ్గా అనేశాడో! ఎందుకన్నాడో కూడా అర్థమైంది. చెల్లెలని ఒప్పుకుంటే, పడవలో ఆవిడకేమన్నా వాటా ఉందా అని తరవాతి ప్రశ్న వస్తుంది. సగం నాదని నేను అరవొచ్చు. రుజువేమిటని అడిగితే ఏం చూపించను? మంచం మీద నాన్న అన్న ఒక్క మాట ఉంది. అది విన్నది ఇద్దరం. అందులో ఒకడు నేను చెల్లెల్నే కాదన్నాడు.

కళ్లద్దాలాయనకి ఫోన్ వచ్చి పడవ దిగి అటు వెళ్లాడు. అన్నయ్య వంగి గబగబా గుసగుసలాడాడు. "ఇంటికెళ్లి మాట్లాడుకుందాం. ఇక్కడ గొడవ చెయ్యకు, మంచి బేరం. నీకూ ఏదో ఒకటి చేస్తాలే."

"లైసెన్సు తెచ్చుకోమన్నావు కదా."

"అప్పుడు అలా అనుకున్నాను."

"మరి బాబాయ్ మీద ఎందుకు పెట్టావు?"

అతను నిటారుగా లేచి అటు చూశాడు. "ఆయనొస్తున్నాడు, నీళ్ల గొట్టం పెట్టు" అన్నాడు.

తొట్టి నింపాను, గొట్టం పెట్టాను. తరవాత ఇంజన్ మూత తీసి, స్టార్ట్ చేసే బ్యాటరీ ముందు కూర్చున్నాను. క్లాంపు కాస్త వదులు చేస్తే చాలు. టక్కుమని ఆగిపోతుంది, కళ్లద్దాలాయన మొహం చిట్లిస్తాడు, బేరం చెడుతుంది. స్పానరు నా చేతిలోనే ఉంది. పెద్దమనిషి పైనుంచి, "బ్యాటరీలు బాగానే ఉన్నాయి కదమ్మా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకి నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్ని నెలలు ఆదివారాలు వాటి పక్కన కూర్చున్నదాన్ని పట్టుకుని అడగాల్సిన ప్రశ్నా అది? క్లాంపు ఇంకో చుట్టు బిగించాను. అదేం మంచితనం కాదు. నా పని చెడ్డదని ఒక్క క్షణం ఎవరైనా అనుకుంటే నేను భరించలేకపోయాను, అంతే.

"ఇప్పుడు తిప్పండి" అన్నాను.

మొదటి తిప్పుకే అందుకుంది. షెడ్డు రేకులన్నీ అదిరాయి. కళ్లద్దాలాయన ముఖం విప్పారింది. ఇంజన్ ఆపేదాకా కూడా ఆగకుండా, గట్టిగా అన్నయ్య చెయ్యి పట్టుకుని ఊపేశాడు. నా చేతులతో నేనే అమ్మేశానని నాకు తెలుస్తూనే ఉంది. వంగి ఇంజన్ మూత పెట్టేశాను. వాళ్ల ముందు ఏడవడం ఇష్టంలేకపోయింది.

దిగాక ఆయన నా దగ్గరికి వచ్చాడు. "అమ్మా, మీరు మా దగ్గర కూడా ఈ పని చేసిపెట్టాలి. ఇంత జాగ్రత్తగా చూసేవాళ్లు మళ్లీ దొరకరు. వస్తారా?"

"రానండీ. పని చెప్పేసి వెళతాను, మీ మనుషులకి నేర్పించుకోండి." అని అన్నీ చెప్పాను. ఎన్నాళ్లకోసారి చూడాలో, ఏ నీళ్లు పొయ్యాలో, ముందు ఏ వైరు ఊడదియ్యాలో, మీటరులో ఎంత చూపిస్తే భయపడాలో. ఆయన ఫోన్‌లో రాసుకున్నాడు. చివర్లో ఏదో సందేహం అడిగాడు, పడవ ఎప్పుడు కట్టించారని.

"అది నాకు తెలియదండీ" అన్నాను. "సార్‌ని అడగండి. పడవ ఆయనది కదా."

సార్ అనగానే అన్నయ్య తలెత్తాడు. ఆ రోజు మొదటిసారి నా కళ్లలోకి చూశాడు. "చెల్లీ" అనబోయాడు. పెదాలు కదిలాయి కూడా. పక్కన కళ్లద్దాలాయన ఉన్నాడని ఆగిపోయాడు. నా దగ్గరున్న మారు తాళంచెవి రెండు చేతులతో అందించాను, పనివాళ్లు అందించినట్టే. తీసుకున్నాడు.

ఛార్జరు సంచిలో వేసుకుని గేటు దగ్గరికి వచ్చాను. బాబాయ్ ఇంకా నిలబడే ఉన్నాడు. ఆయన కాళ్ల దగ్గర కూలబడి, ఇన్ని వారాలూ నేను ఆయన్ని ఏమనుకున్నానో చెప్పేశాను. క్షమించమన్నాను. ఆయన కోప్పడలేదు. చాలాసేపు నా తల మీద చెయ్యి ఉంచి, తరవాత షెడ్డులోకి తొంగిచూశాడు.

"ఇంతకీ మీ అన్నయ్య ఏమన్నాడమ్మా?"

"మా అన్నయ్య లేడు బాబాయ్" అన్నాను. "లోపల పడవ ఓనరు ఉన్నాడు."